తీగమీది అంగడి – మెట్టసీమ రైతు

గడచిన 2025వ సంవత్సరపు పత్తి ఋతువునందు, సీ.సీ.ఐ. అని రైతులు పిలుచు భారత పత్తి సంస్థవారు ఒక క్రొత్త నియమమును అమలులోనికి దెచ్చిరి. మద్దతు ధరకు పత్తి నమ్మదలచిన రైతు ముందుగా "కపాస్ కిసాన్" అను సెల్‌ఫోను యాప్‌నందు తన పేరును, భూమి వివరములను నమోదు చేయించుకొనవలయును. సరకును ఏనాడు తెచ్చునో ఆ దినమును గూడ అందులోనే ఎన్నుకొనవలయును. ఆ యేటి మద్దతు ధర పొడుగు పింజకు క్వింటాలు 1కి రు. 8,110లు, మధ్య పింజకు రు. 7,710లు. ధర ఢిల్లీలో నిర్ణయమైనది. వంతు ఫోనులో నిర్ణయము కావలయును. సరకు మాత్రము వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ మండలములలోని ఇండ్ల వసారాలలో, రేకుల పాకలలో గుట్టలుగా పడియుండెను.

కేంద్రములవద్ద పడిగాపులు తప్పించుటయు, రైతు పేరు చెప్పి వర్తకుడు అమ్ముకొనుటను అరికట్టుటయు ఈ యేర్పాటునకు ఉద్దేశ్యములుగా చెప్పబడినవి. ఉద్దేశ్యములను మేము శంకింపము. కాని దళారి బెడద యంత్రముచే తొలగునను మాట మన చెవులకు క్రొత్తది కాదు. ముప్పది సంవత్సరముల క్రిందట ఇంటర్నెట్టు ఈ దేశమున అడుగిడిన నాడే ఆ మాట వినబడినది. పండించువానికిని కొనువానికిని నడుమ ఇక మూడవవాడుండడనియు, పల్లెలోని రైతు ప్రపంచపు విపణితో ముఖాముఖి బేరమాడుననియు నాడు పత్రికలు వ్రాసినవి, మంత్రులు చెప్పిరి, పండితులు లెక్కలు వేసి చూపిరి. ఆ వాగ్దానము మన మెట్టసీమలో ఎంతవరకు చెల్లినదో, చెల్లనిచోట ఏల చెల్లలేదో విచారించుటకు ఇది తగిన సమయము.

1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్‌వారు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మదరాసు నగరములలో ఇంటర్నెట్టును ప్రజలకు అందుబాటులోనికి దెచ్చిరి. ఆ నాలుగింటిలో హైదరాబాదు లేదు. టెలిఫోను తీగమీద సెకనుకు 9.6 కిలోబిట్ల వేగము. ఒక ఛాయాచిత్రము తెరపై పూర్తిగా విచ్చుకొనులోపల కాఫీ కాచుకొని త్రాగవచ్చును. అదే సంవత్సరము జూలైలో అమెరికాయందు అమెజాను పుస్తకముల అంగడి తెరచెను. సెప్టెంబరులో ఈబే వేలములు మొదలయ్యెను. అనగా ఇంటర్నెట్టు వర్తకము అమెరికాలో పుట్టిన వేసవిలోనే మనకును ఆ తీగ దొరికినది. ఆలస్యమైనదని మనము వాపోవుటకు వీలులేదు. వెనుకబడుటకు కారణము వేరొకచోట వెదకవలయును.

అమెజాను పుస్తకములతోనే ఏల ప్రారంభించెనో ఆలోచించిన ఆ కారణము కొంత తెలియును. పుస్తకమునకు పేరును, ముద్రణయు తెలిసిన చాలును. ఒక ప్రతికిని వేరొక ప్రతికిని భేదములేదు. తడిమి చూడనక్కరలేదు, వాసన చూడనక్కరలేదు, నెలరోజులు గిడ్డంగిలో నుండిన బరువు తగ్గదు. ఆ తరువాత మన దేశమున తీగమీదికి ఎక్కిన వర్తకములన్నియు ఇట్టివే. కంపెనీ వాటాలు 1996 నుండి కాగితము రూపము వీడి లెక్కలలోని పద్దులుగా మారుచు వచ్చెను. 2000 ఫిబ్రవరి నుండి వానిని ఇంటర్నెట్టుపై కొని యమ్ముట ఆరంభమయ్యెను. 2002 ఆగస్టు 3వ తేదీనుండి రైలు టిక్కెట్లు ఇంటినుండియే కొనుటకు వీలు కలిగెను. 2005 దీపావళికి బెంగుళూరునుండి హైదరాబాదు రాదలచి బస్సులో చోటు దొరకక తిరిగిన తెలుగు యువకుడు ఫణీంద్ర సామ, మరుసటి సంవత్సరము మిత్రులతో కలసి రెడ్‌బస్ సంస్థను స్థాపించెను. అది 2013లో పెద్ద మొత్తమునకు చేతులు మారినది. వాటా యైనను, రైలు బెర్తు యైనను, బస్సు సీటు యైనను ఒక్క తీరు సరకులు. వానిని అమ్ముటకు తక్కెడ అక్కరలేదు, మచ్చు చూపనక్కరలేదు.

మిరపకాయ అట్టిది కాదు. పత్తి అంతకంటె అట్టిది కాదు. ఒకే చేనిలో మొదటి తీతకును మూడవ తీతకును పింజ పొడవు మారును. తెల్లవారుజామున ఏరినదానికిని మధ్యాహ్నము ఏరినదానికిని తేమ మారును. తేజ రకపు కాయలో ఎరుపెంత, తాలెంత, తొడిమ ఊడినదెంత యనునది బస్తా విప్పి గుప్పెట నలిపి చూచినగాని తెలియదు. ధరను తీగ మోసికొనిపోవును. గుప్పెటలోని సరకు నాణ్యమును నాటి తీగ మోయలేకపోయెను. ఆ గుప్పెట ఎవరిదో బేరము వారి చేతిలో నిలచెను. ఇంటర్నెట్టు వర్తక చరిత్రలో మన రైతునకు సంబంధించిన కీలకమంతయు ఇందే యున్నదని మా యభిప్రాయము.

తీగ ధరను మోయుట మన ప్రాంతమునకు మొదటిసారియు కాదు. కాకినాడ రేవుపేరిట "కొకనాడా" అని విదేశీ వర్తకులు పిలిచిన పత్తి మన కృష్ణా, గుంటూరు మెట్టలలో పండినదే. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో అంతర్యుద్ధము జరిగి లంకాషైరు మిల్లులకు పత్తి కరవైనప్పుడు భారతదేశపు పత్తి ధర మిన్నంటెను. 1865లో యుద్ధము ముగిసిన వార్త రాగానే కూలెను. బొంబాయిలో కోటీశ్వరులు దివాలా తీసిరి. అటుపిమ్మట సముద్రపు తంతి వేయబడి లివర్‌పూలు ధర బొంబాయికి గంటలలో చేరసాగెను. ఆ తంతిని చదువగలిగినవాడు ఎగుమతి వర్తకుడు. చేలో నిలచినవానికి ఆ వార్త చేరునప్పటికి అది వార్తగా నుండలేదు, జరిగిపోయిన బేరముగా నుండెను.

మరల ఇరువదవ శతాబ్దపు చివరకు వచ్చెదము. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలు ఇంటర్నెట్టు సేవ నడుపుటకు ప్రభుత్వము అనుమతించెను. అదే నెల 22వ తేదీన ప్రధాని వాజపేయి హైదరాబాదున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. మరు సంవత్సరము అక్టోబరులో సత్యం ఇన్ఫోవే సంస్థ అమెరికాలోని నాస్‌డాక్ విపణిలో తన వాటాల నమ్మెను. అచ్చట ప్రవేశించిన మొదటి భారతీయ ఇంటర్నెట్టు సంస్థ యదియే. ఆ మరుసటి నెలలో ఆ సంస్థ ఇండియావరల్డ్ అను వెబ్‌సైట్ల సముదాయమును 499 కోట్ల రూపాయలకు కొనుటకు ఒడబడెను. వార్తలకు సమాచార్, వంటలకు బావర్చీ, ఆటలకు ఖేల్, వెదకుటకు ఖోజ్: ఇవి ఆ సముదాయములోని సైట్లు. ఒక్కదానికైనను తెలుగు పేరు లేదు సరికదా, అందులో ఒక్క గింజ ధాన్యముగాని ఒక్క బేలు పత్తిగాని లేదు. అమ్ముడైనది చూపరుల సంఖ్య. చూచువాడు రేపు కొనువాడగునను ఆశకు కట్టిన వెల యది.

2000 మార్చి 10వ తేదీన నాస్‌డాక్ సూచిక 5,048 అంకెను తాకెను. సరిగా రెండు వారములకు, మార్చి 24న, అమెరికా అధ్యక్షుడు క్లింటను హైదరాబాదు వచ్చి నూతన సాంకేతిక యుగమునుగూర్చి ప్రసంగించెను. ఆనాడు సభలో చప్పట్లు కొట్టినవారిలో ఆటుపోటు తిరిగినదని గ్రహించినవారు కొద్దిమందియే యై యుందురు. 2002 అక్టోబరు 9వ తేదీకి ఆ సూచిక 1,114కు దిగజారెను. పుట్టగొడుగులవలె లేచిన అంగళ్లు పుట్టగొడుగులవలెనే వాడినవి.

అయినను ఆ కాలమున తెలుగువారు తీగమీద అమ్మిన సరకు ఒక్కటి కలదు. అది మన బిడ్డల బుద్ధిబలము. రెండువేల సంవత్సరము వచ్చుసరికి కంప్యూటర్లు తేదీని తప్పుగా చదువునను భయముచే అమెరికా సంస్థలకు వేలకొలది పనివారు కావలసివచ్చిరి. హెచ్-1బి వీసాల యేటి పరిమితి 65,000 నుండి 1999లో 1,15,000కును, 2001 నుండి మూడేండ్లపాటు 1,95,000కును పెరిగెను. అమీరుపేట వీధులలో గోడ గోడకు శిక్షణ బోర్డులు వ్రేలాడెను. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలోను ఎకరమో రెండెకరములో అమ్మి కుమారునికి ఆ చదువు చెప్పించిన కుటుంబములు గలవు. పోనివారికి హైదరాబాదులోనే రాత్రిపూట అమెరికా వైద్యుల మాటలు విని టైపు చేయు పని దొరకెను. ఈ పనులవలన ధనము వచ్చినదనుట నిజము. పెంకుటిండ్లు డాబాలైనవి, అప్పులు తీరినవి. దానిని చులకన చేయుట మా యుద్దేశము కాదు. కాని తండ్రి పండించిన పత్తి జగ్గయ్యపేట కొట్టు దాటి కదలలేని కాలముననే కొడుకు కాలిఫోర్నియా చేరెను. తీగ మన మనుష్యులకు ద్వారము తెరచెను, మన సరకునకు తెరువలేదు.

ఇక ఆ కాలమున వత్సవాయి రైతు స్థితి యెట్లుండెను? ఈ మండలము అప్పటి కృష్ణా జిల్లాకు వాయవ్యపు అంచున నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఒక ప్రక్క మునేరు, వేరొక ప్రక్క ఖమ్మము సరిహద్దు. నాగార్జునసాగరు ఎడమ కాలువకు చిట్టచివరి భూములగుటచే నీరు వచ్చినయేడు వరి, రానియేడు పత్తి, మిరప. లింగాల రైతైనను, మక్కపేట రైతైనను, పోలంపల్లి రైతైనను ధర తెలిసికొనవలెనన్న పేట కొట్టునకు ఫోను చేయవలెను. లేదా గుంటూరు యార్డునకు టిక్కీలు తోలి తిరిగివచ్చిన లారీవానిని అడుగవలెను. లేదా మరునాటి పత్రికలో ధారణలు చూచుకొనవలెను. ఇంటర్నెట్టు ఈ యొక్క బాధను తీర్చగలిగి యుండెను. తరువాత తీర్చినదికూడ; 2003లో వచ్చు ఫోనుకు రుసుము రద్దగుటతో సెల్‌ఫోను చవకయై, ధర తెలియకపోవుట యను బాధ చాలవరకు తగ్గెను.

కాని ధర తెలిసినంతమాత్రమున ఏమయ్యెను? తొలకరికి విత్తనము ఏ కొట్టునుండి వచ్చెనో, ఎరువు, పురుగుమందు ఏ కొట్టు పద్దున వ్రాయబడెనో, బిడ్డ పెండ్లికి ఏ కొట్టు చీటీపై రొక్కము తెచ్చుకొనెనో, పంట ఆ కొట్టు కాటాకే పోవలయును. ధర వేరొకచోట వంద రూపాయలు హెచ్చని ఫోనులో తెలిసినను బండి అటు మరలదు. అడితిదారుని చెడ్డవానిగా చిత్రించి ఊరకుండుట సులభము. ఆతడు చేయు పనులు లెక్కించిన అతడేల నిలచియున్నాడో తెలియును. అతడు అప్పిచ్చును, నాణ్యము చూచును, తూచును, గోతము లిచ్చును, రాత్రి పదిగంటలకు వచ్చిన సరకునైనను దింపించుకొనును, తుదకు రొక్కము చేతిలో పెట్టును. ఈ యారు పనులకును అతడు వడ్డీ రూపమునను, తరుగు రూపమునను, కమీషను రూపమునను వసూలు చేయును. ఎంత వసూలు చేయుచున్నాడో రైతునకు తెలియదు, ఏలనన అన్నియు ఒకే పద్దులో కలసియుండును. ఇంటర్నెట్టు వర్తకమును గూర్చి పుస్తకములు వ్రాసినవారు మధ్యవర్తి యనగా వార్తను దాచువాడని భావించిరి. వార్త దాచుట ఆతని పనులలో అన్నింటికంటె చిన్నది.

2001వ సంవత్సరము దీనికి ప్రత్యక్ష నిదర్శనము. ఆ యేడు న్యూయార్కు పత్తి ధారణ పౌనుకు 30 సెంట్ల ప్రాంతమునకు పడిపోయెను. దాదాపు మూడు దశాబ్దములలో అంత హీనస్థితి లేదు. అమెరికా ప్రభుత్వము తన పత్తి రైతులకిచ్చు సబ్సిడీలు ధర పతనమునకు ముఖ్యకారణములలో నొకటియని బ్రెజిలు 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థయెదుట ఫిర్యాదు చేసెను. 2004లో తీర్పు బ్రెజిలునకు అనుకూలముగా వచ్చెను. ఈ వార్తలన్నియు ఆనాడే ఇంటర్నెట్టులో నుండెను. న్యూయార్కులో నిమిష నిమిషమునకు మారు ధరను హైదరాబాదునుండి చూడవచ్చును. జగ్గయ్యపేటనుండియు, ఫోను లైను సవ్యముగా నున్న దినమున, చూడవచ్చును. చూచిన రైతు ఏమి చేయగలడు? ఆరునెలలు సరకు నిలువచేసికొనుటకు గిడ్డంగి లేదు. నిలువచేసిన సరకుపై అప్పిచ్చు బ్యాంకు లేదు. కొట్టు వడ్డీ ఆగదు. పడిపోవుచున్న ధరను కండ్లార చూచుచు అమ్ముకొనుట చూడక అమ్ముకొనుటకంటె సుఖమని మేము చెప్పజాలము.

ఇందుకు విరుద్ధముగా ఒక ప్రయత్నము ఫలించినది. అది ఎందుచే ఫలించెనో చూడవలసియున్నది. 2000 జూన్‌లో ఐ.టి.సి. కంపెనీవారు మధ్యప్రదేశమున సోయా పండించు గ్రామములలో "ఈ-చౌపాల్" అను కేంద్రములను పెట్టిరి. దీనికి ఆద్యుడు ఆ కంపెనీ వ్యవసాయ వ్యాపార విభాగము నడపిన ఎస్. శివకుమారు. గ్రామములోని ఒక రైతు ఇంట కంప్యూటరు నుంచిరి. కరెంటు రానిచోట సూర్యశక్తి, ఫోను తీగ పనిచేయనిచోట ఉపగ్రహపు గొడుగు నమర్చిరి. మరునాటి కొనుగోలు ధర ముందునాటి సాయంత్రమే ఆ యింట తెలియును. ఇంతవరకు అందరును చెప్పుదురు. ఫలితమునకు మూలము ఇంతలో లేదు. రైతు సరకు తెచ్చినచోట కంపెనీ తన స్వంత ఎలక్ట్రానిక్ కాటా పెట్టెను. రైతు కన్నులయెదుట నాణ్యము పరీక్షించెను. బండి బాడుగ నిచ్చెను. అప్పటికప్పుడే పూర్తి రొక్కము చెల్లించెను. అనగా అడితిదారుని పనులలో అప్పు తప్ప తక్కినవన్నియు తాను నెత్తికెత్తుకొనెను. కంప్యూటరు ధరను చెప్పెను, గెలిపించినది కాటా.

ఆంధ్రదేశమున అదే కంపెనీ 2001లో కోస్తా రొయ్యల రైతులకై "ఆక్వా చౌపాల్" నారంభించెను. మెట్ట పత్తికిని, మిరపకును అంతటి యేర్పాటు మన ప్రాంతమున వేళ్లూనలేదు. 1966 నాటి మార్కెట్ల చట్టముచే ప్రకటిత ప్రాంతములోని కొనుగోళ్లు లైసెన్సుకును, మార్కెట్టు రుసుమునకును బద్ధములై యుండుట యొక యడ్డంకి. ఒకే కంపెనీ ధర చెప్పి, తానే తూచి, తానే నాణ్యము నిర్ణయించి, తానే కొనుట రైతునకు ఎల్లకాలము క్షేమకరమా యనునది వేరొక ప్రశ్న. పేట కొట్టుకు బదులు కలకత్తా కంపెనీ వచ్చినంత మాత్రమున గుప్పెట రైతుది కాలేదు. ఇంగ్లీషు కంపెనీ కాటాలతో మనకున్న పూర్వపరిచయమును పాఠకులు మరచియుండరు.

భాష సంగతి విస్తరించి వ్రాయవలసినది గాని క్లుప్తముగా చెప్పెదము. ప్రపంచములోని లిపులన్నింటిని ఒకే క్రమములో కూర్చు యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 1991లోనే చోటు దొరకినది. అయినను చాలకాలము ప్రతి తెలుగు పత్రికయు తన స్వంత ఫాంటును వాడుకొనెను; ఒకదాని అక్షరములు మరొకచోట పిచ్చిగీతలుగా కనబడెడివి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన పిదపగాని సామాన్య కంప్యూటరున తెలుగు స్థిరముగా కనబడలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయ్యెను. ఇంటర్నెట్టు వర్తకపు పునాదులు పడిన ఆ మొదటి యేండ్లలో తెలుగు మాత్రమే చదువగల రైతునకు అందులో ప్రవేశమే లేదని దీనివలన తెలియుచున్నది. పునాది వేసినపుడు లేనివాడు ఇంటిలో తన గది యేదని అడుగుటకు ఎంతకాలము పట్టునో నేటి యాప్‌లను చూచిన తెలియును. పేరు తెలుగులో నుండును, దోషము వచ్చినప్పుడు కనబడు సందేశము ఇంగ్లీషులో నుండును.

కొనుగోలు వైపున జరిగినది వేరొక కథ. 2007 అక్టోబరులో బెంగుళూరున ఫ్లిప్‌కార్ట్ సంస్థ పుస్తకముల అంగడి తెరచినప్పుడు దానికి తొలి గిరాకీయైనవాడు మన మహబూబ్‌నగరు వాస్తవ్యుడు. అమెరికావలె క్రెడిట్ కార్డులు మనవారివద్ద లేవని గుర్తించి ఆ సంస్థ 2010లో సరకు చేతికందిన పిదపనే రొక్కము పుచ్చుకొను పద్ధతి ప్రవేశపెట్టెను. ఆ యొక్క మార్పుతో ఇంటర్నెట్టు అంగడి నగరము దాటి పల్లె చేరెను. కొనువాని అపనమ్మకమును వర్తకుడు గౌరవించెను. సరకు చూచి రొక్కమిమ్మనెను. 2016లో యూ.పి.ఐ. వచ్చుటయు, అదే నవంబరున పెద్ద నోట్లు రద్దగుటయు జరిగిన పిదప టీ కొట్టులో గూడ ఫోనుతో చెల్లించుట అలవాటయ్యెను. నేడు వత్సవాయి వీధులలో చొక్కాలు, చెప్పులు, ఫోను తొడుగులు నింపుకొని బండ్లు వచ్చుచున్నవి. అవి నిండుగా వచ్చి ఖాళీగా పోవుచున్నవి.

ఇందలి అన్యాయము గమనింపదగినది. పట్టణపు వర్తకుడు పల్లెలోని కొనుగోలుదారుని అపనమ్మకమును తీర్చుటకై తన ఖర్చుతో ఎన్నియో సౌకర్యములు కల్పించెను; నచ్చనిచో తిప్పిపంపుటకు గూడ అనుమతించెను. అదే పల్లెవాడు అమ్మువాడైనప్పుడు అతని సరకును నమ్మించుటకు ఎవరును ఒక్క రూపాయి ఖర్చు చేయరైరి. అతని మిరపకాయ ఎరుపును కొలిచి, అతని పత్తి పింజను, తేమను కొలిచి, చెన్నపురి మిల్లువాడు చూడకయే నమ్మదగిన పత్రము వ్రాసియిచ్చు పరీక్షాలయము మండలమునకొక్కటి యుండిన, అంగడి ద్విముఖముగా నడచియుండెడిది.

ప్రభుత్వములు ఊరకుండలేదు. 2016 ఏప్రిల్ 14వ తేదీన కేంద్ర ప్రభుత్వము "ఈ-నామ్" అను జాతీయ విపణిని 8 రాష్ట్రములలోని 21 మార్కెట్లతో ప్రారంభించెను. తెలంగాణము ఆ యెనిమిదింటిలో నున్నది. దేశమంతయు ఒకే విపణి యనుట దాని ఆదర్శము. అదే సమయమున వత్సవాయి రైతునకు ప్రక్కనేయున్న ఖమ్మము మార్కెట్టు వేరు రాష్ట్రమునకు చెందినదై రెండేండ్లు కావచ్చుచుండెను. 2014 జూన్ 2వ తేదీన గీత పడినది. హైదరాబాదు మార్గమున జగ్గయ్యపేటకు సమీపముననున్న గరికపాడు తనిఖీ కేంద్రమువద్ద లారీలు బారులు తీరి నిలుచుచుండెడివి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి పన్నుల తనిఖీ తొలగెను. మార్కెట్టు రుసుములు, లైసెన్సులు మాత్రము రాష్ట్రమునకొక తీరున నిలచినవి. తెరమీద సరిహద్దు లేదు, రోడ్డుమీద ఉన్నది.

గోదాము రశీదుల చట్టము 2007లో వచ్చెను. 2017లో ఆ రశీదులు ఎలక్ట్రానిక్ రూపమును దాల్చెను. సరకు గిడ్డంగిలో పెట్టి, నాణ్యము వ్రాయించుకొని, ఆ రశీదుపై బ్యాంకునుండి రొక్కము పుచ్చుకొని, ధర వచ్చినప్పుడు అమ్ముకొనుట దాని మార్గము. మా దృష్టిలో ముప్పదేండ్లలో వచ్చిన అన్ని యాప్‌లకంటెను ఇది రైతునకు ఎక్కువ సంబంధించినది. ఏలనన మిరపకాయను బస్సు సీటువలె తీగమీద అమ్మదగిన సరకుగా మార్చునది ఇదియే. పేట కొట్టు చేయు నాణ్యపరీక్ష, తూనిక, అప్పు అను మూడు పనులను ఇది విడదీసి బహిరంగమొనర్చును. కాని గుర్తింపు పొందిన గిడ్డంగి దగ్గరలేని రైతునకు ఆ చట్టము కాగితమే. ఈ ప్రాంతపు శాసనసభ్యులు క్రొత్త వెబ్‌సైటు ప్రారంభోత్సవమునకు పోవుటకుముందు వత్సవాయికి, చందర్లపాడునకు, కంచికచర్లకు ఎన్నేసి గుర్తింపు గిడ్డంగులు కావలయునో, వానిలో తేమ, పింజ, ఎరుపు కొలుచు పరికరములు ఎన్ని కావలయునో లెక్కవేసి ప్రభుత్వము నడుగుట మంచిది. రైతు ఉత్పత్తిదారుల సంఘములకు ఇచ్చు ధనములో మొదటి వాటా కాటాకును, పరీక్షకును చెందవలయును. కంప్యూటరు తరువాత కొనవచ్చును, ఆ మాటకు వచ్చిన సంఘములోని ప్రతి కుర్రవాని జేబులో నది యున్నది.

తిరిగి కపాస్ కిసాన్ సంగతి. ఈ యాప్ భూమి వివరముల నడుగుచున్నది. మెట్టసీమలో సేద్యము చేయువారిలో కౌలుదారుల సంఖ్య తక్కువది కాదు. పాసుపుస్తకము ఒకరి పేర, అరక మరొకరిది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు 11 నెలల గుర్తింపు కార్డు నిచ్చుచున్నది గాని దానికి భూస్వామి సంతకము కావలయును. సంతకము పెట్టిన రేపు హక్కు వచ్చునేమోయని భూస్వామి వెనుదీయుచున్నాడు. పేరు లేనివానికి ఫోనులో వంతు లేదు. పేరున్నవానికిని వంతు పది పదునైదు దినములకు దొరకిన, ఆలోపల మంచు పట్టి వసారాలోని పత్తికి తేమ పెరుగును. తేమ నూటికి 8 దాటిన కొద్ది ధర తగ్గును, 12 దాటిన కేంద్రమువారు కొనరు. ఎండబోసి, మరల ఎత్తి, బాడుగ ఆటోలో వేసికొని పోయి, అచ్చటి తేమ మిషను ఏ అంకె చూపునో అది విని తిరిగివచ్చుటకంటె, తొలకరినాడు విత్తనమిచ్చిన కొట్టుకే తోలివేయుట కౌలుదారునకు దగ్గర దారిగా కనబడుచున్నది.